ఇంటిబడి: క్రైస్తవ గృహములందలి బాలశిక్షా చరిత్రము

శిశువునకు తొలి అక్షరము నేర్పవలసినవారెవరు, ఏ గ్రంథముతో మొదలిడవలెను, ఏ విద్య తరువాత ఏ విద్య రావలెను అను మూడు ప్రశ్నలు బిడ్డలుగల ప్రతి గృహమునందును పుట్టుచుండును. పాఠశాల దగ్గరనున్నచోట తలిదండ్రులు వానిని ఉపాధ్యాయునకు అప్పగించి ఊరకుందురు. పాఠశాలయందు నమ్మకము చాలనివారు మాత్రము వానికి తామే సమాధానము చెప్పుకొనవలసి యుండును. నేడు అమెరికాదేశమున అనేక క్రైస్తవ కుటుంబములవారు తమ చిన్నబిడ్డలను బడికి పంపక, లాటిను వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, ప్రాచీనచరిత్రము, బైబిలు మున్నగువానిని ఒక క్రమము ననుసరించి ఇంటనే నేర్పుచున్నారు. 1993 నాటికి ఆ దేశమందలి అన్ని రాష్ట్రములలోను ఇట్టి ఇంటిచదువు చట్టసమ్మతమైనది. దీనిని క్రొత్తవింతగా తలచువారు కలరు. కాని పదునాఱు శతాబ్దములకు పూర్వమే రోమునగరమున ఒక తల్లి ఈ ప్రశ్ననే యడిగినది. ఆమెకు వచ్చిన ప్రత్యుత్తరము నేటికిని నిలిచియున్నది. ఆ నాటినుండి నేటివరకు ఇంటిబడికై వేయబడిన ప్రణాళికలను పరిశీలించినచో, వానిలో ఏవి నిలిచినవో, ఏవి చెడినవో, ఎందుకు చెడినవో తెలియగలదు. బిడ్డను ఒడిలో గూర్చుండబెట్టుకొని ఓనమాలు దిద్దించు మన గృహిణులకును ఇందు గ్రహింపదగిన విషయములు కొన్ని లేకపోలేదు.

మొదట ఒక చిక్కును గుర్తింపవలెను. ఆదికాలపు క్రైస్తవులకు వేదగ్రంథము వేఱు, చదువు వేఱు. గ్రీకుభాష నేర్చుకొనవలెనన్న హోమరును, లాటిను నేర్చుకొనవలెనన్న వర్జిలును చదువవలెను. ఆ కావ్యములనిండ వారు నిరాకరించిన దేవతల కథలే. కావ్యములను విడిచిన భాష రాదు. పట్టుకొన్న మతమునకు హాని యని భయము. క్రీ. శ. 362 లో జూలియను చక్రవర్తి ఈ చిక్కును ఎఱిగియే దెబ్బతీసెను. దేవతలను నమ్మనివారు ఆ దేవతల కావ్యములను పాఠము చెప్పరాదని ఆతడు శాసించెను. అప్పుడు అపొల్లినారిసు అను పేరుగల తండ్రికొడుకులిరువురు ఒక సాహసము చేసిరి. తండ్రి మోషే గ్రంథములను వీరకావ్యచ్ఛందస్సులోనికి మార్చెను. కొడుకు సువార్తలను ప్లేటో సంవాదముల ఫక్కిని వ్రాసెను. మఱుసటి యేడు జూలియను యుద్ధమున మరణించెను. శాసనము పోయినది, దానితోడనే ఆ కావ్యములును పోయినవి. పిల్లలు మరల హోమరు చెంతకే వచ్చిరి. శ్రమపడి కట్టిన గ్రంథమైనను, కేవలము ఒకదానికి బదులుగా నిలుపుటకై కట్టినదైనచో సాహిత్యమున నిలువదని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

ఈ చిక్కునకు బేసిలు అను పీఠాధిపతి మృదువైన పరిష్కారము చూపెను. తేనెటీగ పూవులన్నిటిపైనను ఒకేరీతిగ వాలదు, వాలినదానినంతయు మోసికొనిపోదు. చదువరియు ప్రాచీనకావ్యములయెడ అట్లే ఉండవలెనని ఆతడు యువకులకు బోధించెను. ఆగస్టీను మఱొక ఉపమానము తెచ్చెను: ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడుచునపుడు అచ్చటి బంగారమును తెచ్చుకొనినట్లు, అన్యుల విద్యలో సత్యమున్నంతమేర అది మనదే యని. ఈ రెండు మాటలమీదనే తరువాతి క్రైస్తవవిద్య యంతయు నిలిచినది.

ఆ కాలముననే జెరోము అను పండితుడు బెత్లెహేములో సన్న్యాసియై బైబిలును లాటినులోనికి పరివర్తించుచుండెను. ఆతనికి కావ్యవ్యసనము మెండు. తాను దేవుని న్యాయస్థానమున నిలువబడి, ‘నీవు క్రైస్తవుడవు కావు, సిసిరో శిష్యుడవు’ అను నిందను పొంది దెబ్బలు తినినట్లు తనకు వచ్చిన స్వప్నమును 384 లో యూస్టోకియము అను కన్యకు వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. ఇట్టివానికి ఆ యూస్టోకియము సోదరుని భార్యయగు లేటా, దాదాపు 403 వ సంవత్సరమున రోమునుండి జాబు వ్రాసెను. ఆమె కుమార్తె పౌలా శిశువు. పుట్టకమునుపే దేవునికి మ్రొక్కుబడిగా ఈయబడినది. లేటా తండ్రి ఆల్బీనసు ప్రాచీన దేవతల పూజారి. తాత యొడిలో మనుమరాలు తన ముద్దుమాటలతో క్రీస్తుస్తోత్రమును పలుకుచుండగా ఆ వృద్ధుడు సంతోషించునని జెరోము చిత్రించెను. రెండు మతముల నడుమ నిలిచిన ఆ యింటిలో బిడ్డకు ఏమి నేర్పవలెను? ఇదియే ప్రశ్న.

జెరోము ప్రత్యుత్తరము నిజముగ ఒక పాఠ్యప్రణాళికయే. కొయ్యతోగాని దంతముతోగాని అక్షరములు చేయించి, పేర్లు చెప్పి, బిడ్డ చేతికీయవలెను. ఆటయే చదువు కావలెను. అక్షరములను వరుసగా పాడించినంతమాత్రమున చాలదు. వరుస చెరిపి, తుది యక్షరమును మొదటను, నడిమి దానిని తుదను పెట్టి గుర్తింపజేయవలెను. చేయి వణకుచు మైనపుపలకపై వ్రాయనారంభించునపుడు పెద్దలు ఆ చేతిని పట్టుకొని దిద్దింపవలెను. లేదా పలకపై అక్షరములను చెక్కించి ఆ గాళ్లవెంట పుల్ల నడిపింపవలెను. ఇసుకలో అక్షరములు దిద్దిన మన పూర్వుల పద్ధతికి ఇది ఎంత దగ్గర! పదములను కూర్చునపుడు బహుమానములీయవలెను. తోడిపిల్లలు కొందఱు కలసి చదువవలెను. వారిని పొగడగా విని ఈమెకు పౌరుషము కలుగవలెను. మందముగా నేర్చుకొన్నయెడల తిట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగా చదువుపై అసహ్యము పుట్టనీయరాదు. పసితనమున పుట్టిన చేదు పెద్దతనమునకుగూడ వెంటవచ్చును. పదముల కూర్పు నేర్పుటకు ఏవో అర్థములేని మాటలు పనికిరావు. ప్రవక్తల పేర్లు, అపొస్తలుల పేర్లు, ఆదామునుండి వచ్చిన వంశక్రమము వాడినచో నాలుకయు జ్ఞాపకమును ఒక్కమాఱే శిక్షితములగును.

తరువాత గ్రీకు, దానివెంట లాటిను. ఆపైన వేదగ్రంథము. అందును క్రమము కలదు. మొదట కీర్తనలు, పిమ్మట సొలొమోను సామెతలు, ప్రసంగి, యోబు, సువార్తలు, అపొస్తలుల కార్యములు, లేఖలు. అటుపై ప్రవక్తలు, మోషే గ్రంథములు, రాజులచరిత్రములు. అన్నిటికి కడపట పరమగీతము. గానము ముందు, నీతి తరువాత, ఓర్పు ఆ తరువాత, చరిత్రము పిమ్మట, శృంగారరూపమైన రహస్యము చివర. గ్రంథముల పేర్లు వ్రాసి పెట్టుట ఎవ్వరైనను చేయగలరు. ఏది ముందు ఏది వెనుక యని, ఎందుకని నిర్ణయించుటయే ప్రణాళిక. జెరోము గొప్పతనమిచ్చటనే యున్నది.

ఈ లేఖలోని బోధనాంశములు అధికభాగము జెరోమునకు స్వతంత్రములు కావు. క్రీస్తుభక్తుడు కాని రోమను ఆచార్యుడు క్వింటిలియను మొదటి శతాబ్దము చివర రచించిన వక్తృత్వశిక్షాగ్రంథములో దంతపుటక్షరములు, చెక్కిన పలక, పొగడ్త, బహుమానము అన్నియు ఉన్నవి. గ్రీకుతో మొదలుపెట్టుమనుటయు ఆతనిదే. స్వప్నమున దెబ్బలుతినిన జెరోము, బిడ్డకు చదువు చెప్పవలసివచ్చినపుడు ప్రాచీనులనే యాశ్రయించెను. అయితే ఒక్కచోట ఆతడు గురువును మీఱెను. క్వింటిలియను ఇంటిచదువును బడిచదువును రెంటిని తూచి, బడినే మెచ్చుకొనెను: ఒంటరిగా చదివినవాడు నలుగురిలో వెలుగును చూచి కన్నులు మూసికొనునని ఆతని భయము. జెరోము ఆ మాటలోని బలమును ఎఱిగియే కాబోలు, ఇంటిలోనే తోడిపిల్లలను చేర్చుమనెను. ఇంటిబడిని గూర్చి నేటికిని వినవచ్చు ప్రధానాక్షేపము ఇదియే. దానికి చెప్పబడు ప్రధానసమాధానమును ఇదియే.

కాని లేఖ రెండవసగము చదువునపుడు మనస్సు కలతపడును. వీణాదులు ఆ బాలికకు వినబడరాదు, తల్లి తోడులేక గడపదాటరాదు, విందులకు పోరాదు, ఉన్ని వడకవలెను, అలంకారమక్కరలేదు. అక్షరములు నేర్పునపుడు ఆటను కోరిన పండితుడు, అక్షరములు వచ్చిన పిమ్మట బ్రదుకునుండి ఆటను తీసివైచెను. కడపట, రోమువంటి మహానగరమున ఇంతటి కట్టడి సాగదని తోచినయెడల బిడ్డను బెత్లెహేములోనున్న నాయనమ్మ యొద్దకు పంపివేయుమనియు, తానే ముసలితనమున ఆమెను భుజములపై మోసి వచ్చీరాని మాటలు దిద్దెదననియు వ్రాసెను. అలెగ్జాండరుకు గురువైన అరిస్టాటిలుకంటె తనకే ఎక్కువ గౌరవమని మురిసెను. వృద్ధుని వాత్సల్యము హృద్యముగానే యున్నది. కాని తల్లికి ప్రణాళిక వ్రాసియిచ్చి, చివరకు తల్లినుండి బిడ్డనడుగుట యేమి న్యాయము? పౌలా పిమ్మట బెత్లెహేముననే జీవించినది. ఇంటిబడికై వ్రాయబడిన ఆ ప్రసిద్ధలేఖ ఆ యింటినుండి బిడ్డ వెడలిపోవుటతో ముగిసినది.

మధ్యయుగమున ఇంటిచదువునకు తల్లియే గ్రంథకర్త్రియైన సందర్భమొకటి కలదు. ఫ్రాంకుల రాజ్యమున ధువోడ అను ప్రభుపత్ని, 841 మొదలు 843 వఱకు, రాజాస్థానమునకు పంపబడిన తన కుమారుడు విలియముకొఱకు లాటినులో ఒక హస్తగ్రంథము రచించెను. రెండవబిడ్డనుగూడ తండ్రి శైశవముననే తీసికొనిపోయెను. దగ్గఱలేని బిడ్డకు తల్లి చేయగలిగినది గ్రంథమును పంపుటయే. లాటిను వ్రాయగల తల్లి గనుక అది చేయగలిగినది.

పదునాఱవ శతాబ్దమున ఇంగ్లండులో సర్ థామస్ మోరు తన యింటినే విద్యాలయముగ మార్చెను. ముగ్గురు కుమార్తెలకును, కుమారునకును, పెంపుడుబిడ్డలకును భేదములేక లాటిను, గ్రీకు, తర్కము, ఖగోళశాస్త్రము నేర్పించెను. 1518 లో గృహోపాధ్యాయుడు గొనెలునకు వ్రాసిన లేఖలో, పంటకాలమున ధాన్యమును విత్తిన చేయి పురుషునిదా స్త్రీదా యని ఎవరును అడుగరనియు, ఆడువారి బుద్ధి సహజముగ కొఱతగలదని వాదించువారి మాట నిజమైనచో దానిని చదువుతో బాగుచేయుటకు మఱింత కారణమున్నదనియు సూచించెను. పెద్దకుమార్తె మార్గరెట్టు పందొమ్మిదవయేట ఎరాస్మసు రచించిన ప్రభుప్రార్థనావ్యాఖ్యానమును లాటినునుండి ఇంగ్లీషులోనికి తెచ్చెను. మోరు మిత్రుడగు ఎరాస్మసు 1529 లో బాలశిక్షపై ప్రకటించిన గ్రంథమున, విల్లమ్ములపై ఆసక్తిగల కొడుకునకు ఒక ఆంగ్లేయుడు గ్రీకు లాటిను అక్షరములను గుఱిగా పెట్టించి, కొట్టి పేరు చెప్పినపుడెల్ల ఒక చెఱ్ఱిపండు ఇచ్చిన కథను చెప్పెను. పిల్లలను కొట్టు ఉపాధ్యాయులను ఆతడు తీవ్రముగ గర్హించెను. దెబ్బలకు భయపడి చదివిన గ్రీకు తనకు రోతయైనదనియు, దాదుల ముద్దులనడుమ విన్న లాటిను తనంతతానే వచ్చినదనియు ఆగస్టీను తన యాత్మకథలో వ్రాసియుండెను. ఆ సాక్ష్యమును వేయేండ్లకుపైగా ఉపాధ్యాయలోకము చదువుచునే బెత్తమును పట్టుకొనియుండెను.

మొరేవియా సోదరసంఘమునకు పీఠాధిపతియైన కొమీనియసు (1592–1670) ముప్పదియేండ్ల యుద్ధమున ఇల్లు, గ్రంథములు, భార్య, బిడ్డలు అన్నియు పోగొట్టుకొని పోలండునకు ప్రవాసము వెడలెను. బిడ్డలు చనిపోయిన ఆ తండ్రియే తల్లుల కొఱకు ‘మాతృపాఠశాల’ యను గ్రంథమును వ్రాసెను. అది 1633 లో జర్మనుభాషలో వెలువడెను. ఆఱేండ్లవఱకు బిడ్డకు తల్లి యొడియే బడి యని ఆతని సిద్ధాంతము. ఆ బడిలో అన్ని శాస్త్రములును ఉన్నవి, కాని వానిపేర్లు బిడ్డకు తెలియవు. సూర్యచంద్రులను చూపుట ఖగోళము. ఊయలనుండి గది, గదినుండి ఇల్లు, ఇంటినుండి వీధి యెఱుగుట భూగోళము. నిన్న నేడు రేపు అనుట కాలగణన. నిన్న జరిగినదానిని చెప్పుట చరిత్రము. ఎక్కువ తక్కువలు గుర్తించుట గణితము. 1658 లో నూరెంబర్గున ఆతడు ప్రకటించిన చిత్రప్రపంచమను పుస్తకము ప్రతి వస్తువునకును బొమ్మ చూపి, దాని పేరును లాటినులోను దేశభాషలోను ప్రక్కప్రక్కన నిచ్చినది. అందలి అక్షరమాల కాకి కూతతో మొదలగును. మాటకుముందు వస్తువు చూపవలెనను ఈ నియమము, పుస్తకపుచదువునకు వచ్చిన జాడ్యమునకు తగిన మందు. బెత్లెహేము సన్న్యాసి కిటికీలు మూయగా, మొరేవియా ప్రవాసి వానిని తెఱచెను.

ఇంటిబడిని తానై నడిపి, నడిపిన విధమును వ్రాసి పెట్టిన తల్లి సుసానా వెస్లీ (1669–1742). ఆమె ఇంగ్లండులోని ఎప్‌వర్తు గ్రామమున ఒక పేదగురువు భార్య. పందొమ్మిదిమందిని కనినది, పదిమంది మాత్రము పెరిగి పెద్దవారైరి. మెథడిస్టు సంఘమునకు మూలపురుషులైన జాను, చార్లెసులు ఆ పదిమందిలోనివారు. 1732 లో జాను కోరగా ఆమె తన పద్ధతిని జాబుగా వ్రాసెను. బిడ్డకు అయిదేండ్లు నిండిన మఱునాడు చదువు మొదలు. ఉదయము తొమ్మిదింటినుండి పండ్రెండువఱకు, మరల రెండింటినుండి అయిదింటివఱకు బడి. మొదటినాడే అక్షరములన్నియు రావలెను. ఇద్దరికి మాత్రము ఒకటిన్నర దినము పట్టినది. అక్షరములు రాగానే ఆదికాండపు మొదటి వచనము. వారమునందు ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగ మాటలాడుటకు ఆమె నియమించుకొనెను. జానుకు గురువారము. పెద్దవాడై ఆక్సుఫర్డులో అధ్యాపకుడైన తరువాతగూడ ఆ గురువారపు సాయంకాలములో కొంతభాగమునైనను తనకు మరల నిమ్మని ఆతడు తల్లికి వ్రాసెను. ఏ పాఠ్యపుస్తకమునకును ఇంతటి ప్రశంస దొరకదు.

ఈ పద్ధతిలో కాఠిన్యము లేకపోలేదు. ఏడాది నిండునాటికే బిడ్డకు బెత్తపుభయము తెలియవలెననియు, ఏడ్చినను మెల్లగా ఏడ్వవలెననియు, పసివాని స్వేచ్ఛను మొదటనే వంచవలెననియు ఆమె తలచినది. దీనిని మెచ్చుకొనుట మనకు సాధ్యము కాదు. కాని అదే లేఖలో ఒక నియమము బంగారు అక్షరములతో వ్రాయదగినది: ఆడపిల్లకు చక్కగ చదువుట వచ్చువఱకు పనిపాటలు నేర్పరాదు. కుట్టుపని ముందు మొదలుపెట్టినవారికి చదువు ఎన్నటికిని సరిగా రాదనియు, స్త్రీలలో విని ఆనందింపదగునట్లు చదువగలవారు అరుదుగనుండుటకు ఇదియే కారణమనియు ఆమె యనుభవము. జెరోము పౌలా చేతికి కదురు నిచ్చెను. సుసానా అది కొంత ఆగవలెననెను. ఈ రెంటి నడుమ పదుమూడు శతాబ్దములు గడచినవి.

ఇక ఆధునికుల మాట. 1947 లో డొరతీ సేయర్సు అను ఆంగ్లరచయిత్రి ఆక్సుఫర్డులో ‘పోగొట్టుకొనిన విద్యాసాధనములు’ అను నుపన్యాసమిచ్చెను. ఆమెయు బాల్యమున ఇంటనే, గురువైన తండ్రియొద్ద ఏడేండ్లు నిండకమునుపే లాటిను మొదలుపెట్టినది. మధ్యయుగపు విద్యాత్రయమగు వ్యాకరణ తర్క వక్తృత్వములను ఆమె పిల్లల వయస్సులతో జోడించెను. చిలుకవలె పలుకు వయస్సున కంఠస్థము, ఎదురువాదము చేయు వయస్సున తర్కము, భావుకత పొంగు వయస్సున వక్తృత్వము. ఇట్టి సంస్కారము ఆచరణలోనికి వచ్చుట దుర్లభమని ఆమెయే తలచినది. కాని డగ్లసు విల్సను 1991 లో ఆమె భావమును పుస్తకముగ విస్తరించెను. 1999 లో జెస్సీ వైజు, సూసాను వైజు బావరు అను తల్లీకూతుళ్లు పండ్రెండేండ్ల చదువునకు ఏడాదివారీ క్రమము వ్రాసిరి. అందు ప్రాచీన, మధ్య, నవీన, ఆధునికములను నాలుగు చరిత్రఖండములు నాలుగేండ్లకొక యావృత్తిగ మూడుమాఱులు తిరిగివచ్చును.

చరిత్రకారుడిచ్చట ఒక మాట చెప్పవలెను. మధ్యయుగమున వ్యాకరణ తర్క వక్తృత్వములు మూడు శాస్త్రములు, మూడు వయోదశలు కావు. దశలుగా చేయుట సేయర్సుగారి సొంత కల్పన. అంతమాత్రమున అది పనికిమాలినది కాదు. మన పెద్దలును పదవాక్యప్రమాణములను మూటిని ఎఱిగినవానినే పండితుడనిరి; బాల్యమున శబ్దమంజరి, అమరకోశము వల్లెవేయించి, పిమ్మట కావ్యము, ఆపైన తర్కసంగ్రహము చెప్పిరి. పసినాలుకకు వల్లెవేత బరువుకాదని రెండుదేశముల అనుభవమును చెప్పుచున్నది. అయితే వల్లించినది ఎప్పటికిని అర్థముకానిచో ఏమగునో మనకు తెలిసినంతగా వారికి తెలియదు. అమరము నోటికి వచ్చియు నాలుగు వాక్యములు సొంతముగ వ్రాయలేనివారు మనలో ఎందఱో కలరు. చిలుకదశనుండి బిడ్డను దాటించు నావ లేనిచో ఆ దశ జీవితాంతము నిలుచును.

ఈ వృత్తాంతములన్నియు ఒకచోట పెట్టి చూచినచో కొన్ని విషయములు తేలుచున్నవి. చిన్నబిడ్డలకు చదువు ఆటగానుండవలెనను మాట క్వింటిలియను మొదలు కొమీనియసు వఱకు అందఱును అంగీకరించినది. దానిని మఱచినచోటనెల్ల చదువుపై ద్వేషమే మిగిలినది. గ్రంథముల పట్టికకంటె వాని వరుస ముఖ్యము. మతము ఒకటి, సాహిత్యము వేఱొకటియైనచోట, రెంటిని బిడ్డ ముందుంచి ఎన్నుకొనుట నేర్పినవారు నిలిచిరి. ఒకదానిని తుడిచి నకలు నిలుపజూచినవారు నిలువలేదు. తోడిపిల్లలు లేని ఇంటిబడి కొఱతగల బడి. చివరిది, నా మట్టుకు ముఖ్యమైనది: ప్రణాళిక యెంత చక్కనిదైనను దానిని నడుపవలసినది తల్లి, తల్లికి చదువు లేనిచో అది కాగితము మాత్రమే. రోములో జెరోము సలహా బిడ్డను ఇల్లు దాటించినది. ఎప్‌వర్తులో చదువుకొనిన తల్లి వంటయింటి ప్రక్కనే బడిని ఇరువదియేండ్లు నడిపినది.

బిడ్డకు ఏ పుస్తకము కొనవలెనని యోచించు తండ్రులు మనలోను పెక్కురు కలరు. వారు ముందుగా ఆ బిడ్డ అక్కచెల్లెండ్రవైపు చూడవలెను. నేడు పలక పట్టుకొనిన ఆడపిల్లయే రాబోవు ముప్పదియేండ్లలో ఒక ఇంటిబడికి ఆచార్యురాలు. ఆమె చదువు పూర్తికాకమునుపే ఆమె చేతికి పని అప్పగించినచో, మనము ఆమె చదువును మాత్రమే కాదు, ఇంకను పుట్టని బిడ్డల బడినిగూడ మూసివేసినవారమగుదుము.